అదే జీడీబీ, మెషిన్ మారితే ఎందుకిలా?

ప్రశ్న: నమస్కారమండీ. ఇంజినీరింగ్ పూర్తిచేసి ఆరు నెలల కిందట విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీలో చేరాను. కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు లైనక్స్ మీద జీడీబీ (ప్రోగ్రామ్‌ని ఆపి తప్పు ఎక్కడుందో చూసే డీబగ్గర్) బాగానే నేర్చుకున్నాను. ఇక్కడ నాకిచ్చింది విండోస్ ల్యాప్‌టాప్. మిన్‌జీడబ్ల్యూ అనే కంపైలర్‌తో కంపైల్ చేస్తాం. ఎస్‌టీఎం32 అనే మైక్రోకంట్రోలర్ చిప్ ఉన్న బోర్డు మీద కూడా పని ఉంటుంది. నా నోట్స్‌లో రాసుకున్న కమాండ్లు చాలా వరకు ఇక్కడ పనిచేయడం లేదు. మెమరీ మ్యాప్ కోసం ‘ఇన్ఫో ప్రాక్ మ్యాపింగ్స్’ కొడితే ఈ టార్గెట్‌లో లేదంటుంది. సిస్టమ్ కాల్ దగ్గర ఆపే ‘క్యాచ్ సిస్‌కాల్’ కూడా అంతే. బోర్డు మీద ఏడో బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్‌ని ఫలానా చోట ఆపే గుర్తు) పెట్టాక ప్రోగ్రామ్ కదలనే కదలదు. అన్నిటికంటే టెన్షన్ పెడుతున్నది ఇంకొకటి ఉంది. మా విండోస్ ప్రోగ్రామ్ మామూలుగా నడిపితే క్రాష్ అవుతుంది, జీడీబీలో నడిపితే అవ్వదు. మా సీనియర్ అయితే “నీకు జీడీబీ రాదు” అనేశారు. మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలా? మ్యాన్యువల్ చూస్తే వందల పేజీలుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మీకు జీడీబీ వచ్చండీ. బ్రేక్‌పాయింట్ పెట్టడం, ‘బీటీ’ కొట్టి ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూడడం, వేరియబుల్ ప్రింట్ చేయడం, ఒక్కో లైనూ ముందుకు జరపడం ఏ మెషిన్ మీదైనా ఒకటే. ఆ చదువు ఎక్కడికీ పోదు. మిగిలినవి మాత్రం జీడీబీ సొంత ఆస్తి కాదు. అవి దాని కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చేవి, లేదా చిప్ ఇచ్చేవి. కాలేజీలో ఈ తేడా ఎవరూ చెప్పరు, ఎందుకంటే ల్యాబ్‌లో అన్నీ ఒకే రకం మెషిన్లు ఉంటాయి. మీ తప్పేమీ లేదు.

కమాండ్లను ఇక్కడ చదివేటట్టు తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి. హైఫన్ ఉన్నచోట హైఫన్ పెట్టే రాశాను.

పొలం కొలవడానికి వచ్చే సర్వేయరు సంగతి చూడండి. గొలుసు ఆయనదే, లెక్క కట్టే విద్యా ఆయనదే. కాని ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం), అడంగల్ మాత్రం ఆ ఊరి రెవెన్యూ వాళ్లు తీసి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎంత పనిమంతుడైనా గట్టు మీద నిలబడాల్సిందే. జీడీబీ పరిస్థితి కూడా అదే. మీ ప్రోగ్రామ్ మెమరీలోకి అది తనంతట తాను తొంగిచూడలేదు. లైనక్స్‌లో పీట్రేస్ అనే సిస్టమ్ కాల్ ద్వారా కెర్నల్‌ని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగాన్ని అడుగుతుంది, ఇంకా ఏమైనా కావాలంటే ‘ప్రాక్’ డైరెక్టరీలో ఉన్న ఫైళ్లు చదువుతుంది. విండోస్‌లో అక్కడి డీబగ్ ఏపీఐని అడుగుతుంది. మీ బోర్డులో అడగడానికి ఆపరేటింగ్ సిస్టమ్ ఉండకపోవచ్చు, అక్కడ బోర్డుని ల్యాప్‌టాప్‌కి కలిపే ఎస్‌టీ-లింక్ ప్రోబ్, దాని వెనక జీడీబీ మాటల్ని చిప్‌కి చేరవేసే ఓపెన్‌ఓసీడీ అనే ప్రోగ్రామ్ ఉంటాయి.

‘ఇన్ఫో ప్రాక్ మ్యాపింగ్స్’ చేసేదల్లా లైనక్స్‌లో ఆ ప్రాసెస్ తాలూకు ‘మ్యాప్స్’ ఫైలు చదివి మీకు చూపించడం. విండోస్‌లో ఆ ఫైలే లేదు. అందుకే లేదని చెప్పింది. ఇకమీదట ఏ కమాండ్ మొండికేసినా మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ సమాచారం జీడీబీకి ఎవరు ఇవ్వాలి? దానికి జవాబు తెలిస్తే ఆ మెషిన్ మీద అదే పని ఎవరితో చేయించుకోవాలో కూడా తెలుస్తుంది.

ముందు మీ క్రాష్ సంగతి చూద్దాం, మీకు నిద్రపట్టనివ్వనిది అదే కాబట్టి.

విండోస్‌లో ఒక ప్రోగ్రామ్‌ని డీబగ్గరే మొదలుపెడితే, ఆ ప్రోగ్రామ్‌కి మామూలు హీప్ (నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీ) రాదు. డీబగ్ హీప్ వస్తుంది. జీడీబీ అడిగినా అడగకపోయినా విండోసే ఇలా చేస్తుంది. ఈ డీబగ్ హీప్‌లో మీరు అడిగిన ప్రతి బ్లాకు చివరా కొన్ని కాపలా బైట్లు అదనంగా ఉంటాయి. కొత్తగా ఇచ్చిన మెమరీని ఒక గుర్తుతో నింపుతుంది (హెక్స్‌లో చూస్తే ‘బ్యాడ్ ఫుడ్’ అని చదువుకోవచ్చు). ఫ్రీ చేసిన మెమరీని ఇంగ్లీషు ‘ఎఫ్’, ‘ఈ’ అక్షరాలే మళ్లీ మళ్లీ వచ్చే ఇంకో గుర్తుతో నింపుతుంది. మీ కోడ్ ఎక్కడైనా 40 బైట్లు అడిగి 42 బైట్లు రాస్తోందనుకోండి. మామూలుగా నడిపినప్పుడు ఆ రెండు బైట్లు పక్క బ్లాకు సమాచారాన్ని పాడుచేయవచ్చు, అప్పుడు కాసేపటికి ఎక్కడో సంబంధం లేని చోట ప్రోగ్రామ్ కూలుతుంది. జీడీబీ కింద నడిపినప్పుడు ఆ రెండు బైట్లూ కాపలా బైట్ల మీద పడతాయి. పక్కవాడికి దెబ్బ తగలదు. మీ లక్షణాలు చూస్తే నాకు మొదట అనుమానం వచ్చేది ఇదే.

ఒకసారి జీడీబీలో నడిపినప్పుడు వచ్చే అవుట్‌పుట్‌ని పైకి జరిపి చూడండి. ‘వార్నింగ్: హీప్’ అని మొదలయ్యే లైను, అందులో ‘పాస్ట్ రిక్వెస్టెడ్ సైజ్’ అనే మాటలు ఉన్నాయేమో వెతకండి. ఉంటే విండోస్ మీకు దొంగని పట్టి ఇచ్చినట్టే. ఫ్రీ చేసే సమయంలో కాపలా బైట్లు చెదిరి ఉన్నాయని చెప్పడమే ఆ లైను పని. చాలామంది దాన్ని ఏదో మామూలు వార్నింగ్ అనుకుని దాటేస్తారు.

ఆ లైను లేకపోతే, మామూలు హీప్‌తోనే జీడీబీలో నడిపి చూడాలి. దానికి మూడు దారులున్నాయి. మొదటిది, కమాండ్ ప్రాంప్ట్‌లో జీడీబీని తెరవకముందే ‘_నో_డీబగ్_హీప్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇవ్వండి. పేరు మొదట్లో అండర్‌స్కోర్ ఉంటుంది, అన్నీ పెద్ద అక్షరాలు, మాటల మధ్యా అండర్‌స్కోరే. ఆ తర్వాత అదే విండోలో జీడీబీ మొదలుపెడితే మీ ప్రోగ్రామ్‌కి మామూలు హీప్ దొరుకుతుంది. రెండోది, ప్రోగ్రామ్‌ని ముందు మామూలుగా మొదలుపెట్టి, టాస్క్ మేనేజర్‌లో దాని పీఐడీ (ప్రాసెస్ నంబరు) చూసి, జీడీబీలో ‘అటాచ్’ కొట్టి ఆ నంబరు ఇవ్వడం. అప్పటికే మామూలు హీప్ తయారై ఉంటుంది కాబట్టి జీడీబీ ఆలస్యంగా వచ్చినా అది మారదు.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టం, ఎందుకంటే క్రాష్ జరిగిన క్షణంలోనే పట్టుకుంటుంది. విండోస్ రిజిస్ట్రీలో ‘ఏఈడీబగ్’ అనే కీ ఉంది. ఏదైనా ప్రోగ్రామ్ కూలినప్పుడు ఏ డీబగ్గర్‌ని పిలవాలో అక్కడ రాసుకోవచ్చు. విండోస్ ఆ డీబగ్గర్‌కి రెండు నంబర్లు ఇస్తుంది, ఒకటి కూలిన ప్రాసెస్‌ది, ఇంకొకటి ఒక ఈవెంట్‌ది. జీడీబీలో మొదటి నంబరుతో ‘అటాచ్’, రెండో నంబరుతో ‘సిగ్నల్-ఈవెంట్’ కొట్టేటట్టు ఆ లైను రాయాలి. ఈ ‘సిగ్నల్-ఈవెంట్’ కమాండ్ ఉన్నదే విండోస్ కోసం. “నేను వచ్చేశాను, ఇక ఆ ప్రాసెస్‌ని కదలనివ్వు” అని విండోస్‌కి చెప్పడం దాని పని. లైనక్స్ మీద నేర్చుకున్నవాళ్లకి ఇది ఉందనే తెలియదు. రిజిస్ట్రీలో చేయి పెట్టేముందు పాత విలువ రాసిపెట్టుకోండి, మీ కంపెనీ ల్యాప్‌టాప్ కాబట్టి అడ్మిన్‌ని కూడా అడగండి.

ఇంకో మాట కూడా చూసుకోండి. ఈ కోడ్ మొదట లైనక్స్ మీద రాసి తర్వాత విండోస్‌కి తెచ్చినదైతే, జీడీబీలో ‘ప్రింట్ సైజాఫ్(లాంగ్)’ కొట్టండి. 64-బిట్ లైనక్స్‌లో 8 వస్తుంది, 64-బిట్ విండోస్‌లో 4. ఎవరైనా పాయింటర్‌ని లాంగ్‌లో దాచి ఉంటే, విండోస్‌లో సగం అడ్రస్ తెగిపోతుంది. దానివల్ల ఒకరోజు క్రాష్ అవుతుంది, ఇంకోరోజు అవ్వదు.

డీబగ్గర్ చూస్తున్నప్పుడు బగ్ దాక్కోవడం విండోస్ ఒక్కదాని గుణమే కాదు. నేను ఈ ఉద్యోగంలోకి వచ్చిన కొత్తలో, ఒక కంపెనీలో లైనక్స్ సర్వర్ ప్రోగ్రామ్ ఒకటి నా చేతికి వచ్చింది. నాలుగైదు సార్లు నడిపితే ఒకసారి తప్పుడు జవాబు ఇచ్చేది. జీడీబీలో పెడితే వందసార్లు నడిపినా సరిగ్గానే. పది రోజులు దాని వెనకే తిరిగాను. ఇంట్లో అన్నం తింటున్నా అదే ఆలోచన. చివరికి తెలిసిందేమిటంటే, లైనక్స్ మామూలుగా ప్రతిసారీ ప్రోగ్రామ్‌ని వేరే వేరే అడ్రస్‌ల దగ్గర లోడ్ చేస్తుంది, భద్రత కోసం. జీడీబీ మాత్రం తాను మొదలుపెట్టే ప్రోగ్రామ్‌కి ఆ మార్పును ఆపేస్తుంది, ప్రతిసారీ అవే అడ్రస్‌లు కనిపిస్తే మనకు సులువని. అందుకే జీడీబీలో మీ ఫంక్షన్ల అడ్రస్‌లు అన్నీ ఐదులతో మొదలవుతాయి, గమనించే ఉంటారు. మా కోడ్‌లో ఒక హ్యాష్ టేబుల్ పాయింటర్ విలువనే, అంటే అడ్రస్‌నే, కీగా వాడుతోంది. అడ్రస్ మారితే వరస మారుతుంది, వరస మారితే జవాబు మారుతుంది. జీడీబీలో అడ్రస్ మారదు, అందుకని వరసా మారలేదు. ‘సెట్ డిజేబుల్-రాండమైజేషన్ ఆఫ్’ అని ఒక్క లైను కొట్టి మళ్లీ నడిపితే, ఆ మధ్యాహ్నమే దొరికింది. పది రోజుల బాధ ఒక్క లైనుతో తీరిందన్న సంతోషం కంటే, ఆ లైను ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదన్న బాధే నాకు ఎక్కువగా మిగిలింది. మీకు ఇంత వివరంగా రాస్తున్నది అందుకే.

లైనక్స్‌లో ఇంకో చిన్న తేడా ఉంది. జీడీబీ తాను నడిపే ప్రోగ్రామ్ ఎన్విరాన్‌మెంట్‌లో ‘లైన్స్’, ‘కాలమ్స్’ అనే రెండు వేరియబుల్స్ పెడుతుంది. వాటివల్ల స్టాక్ కాస్త జరుగుతుంది. స్టాక్ అడ్రస్‌ల మీద ఆధారపడే బగ్ అయితే ఇది కూడా చాలు దాక్కోవడానికి. ‘అన్‌సెట్ ఎన్విరాన్‌మెంట్’ కమాండ్‌తో వాటిని తీసేయవచ్చు.

ఇప్పుడు మీ నోట్స్‌లో ఉన్న కమాండ్లకు విండోస్‌లో ఏం వాడాలో చెప్తాను. మెమరీ మ్యాప్ కోసం వెతికేది సాధారణంగా “ఈ అడ్రస్ ఎవరిది?” అని తెలుసుకోవడానికే కదా. ఆ పనికి ‘ఇన్ఫో షేర్డ్‌లైబ్రరీ’ చాలు. ఏ డీఎల్ఎల్ (విండోస్ లైబ్రరీ ఫైలు) ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉందో చూపిస్తుంది. మొత్తం మ్యాప్, అంటే హీప్, స్టాక్‌లతో సహా కావాలంటే మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్‌లో వీఎంమ్యాప్ అనే ఉచిత టూల్ ఉంది. దాన్ని పక్కన తెరిచి పెట్టుకోండి.

‘క్యాచ్ సిస్‌కాల్’ విండోస్‌లో లేదు, దానికోసం వెతకడం మానేయండి. అక్కడ ప్రోగ్రామ్‌లు నేరుగా సిస్టమ్ కాల్ చేయవు, కెర్నల్32 లాంటి డీఎల్ఎల్‌లో ఉన్న ఫంక్షన్‌ని పిలుస్తాయి. కాబట్టి బ్రేక్‌పాయింట్ ఆ ఫంక్షన్ మీదే పెట్టండి. ఉదాహరణకి ప్రోగ్రామ్ ఏ ఫైలు తెరుస్తోందో చూడాలంటే ముందు ‘స్టార్ట్’ కొట్టి డీఎల్ఎల్‌లు లోడ్ అయ్యేదాకా ఆగి, తర్వాత ‘బ్రేక్ క్రియేట్‌ఫైల్‌డబ్ల్యూ’ పెట్టండి. ఆ డీఎల్ఎల్‌కి డీబగ్ సమాచారం లేకపోయినా, బయటికి చూపే ఫంక్షన్ల పేర్ల పట్టికని జీడీబీ చదువుకుంటుంది, కాబట్టి పేరు గుర్తుపడుతుంది. అక్కడ ఆగాక ఆర్గ్యుమెంట్లు చూడబోతే మళ్లీ ఒక తేడా. 64-బిట్ లైనక్స్‌లో మొదటి ఆర్గ్యుమెంట్ ఆర్‌డీఐ రిజిస్టర్‌లో వస్తుందని మీరు నేర్చుకుని ఉంటారు. 64-బిట్ విండోస్‌లో ఆర్‌సీఎక్స్‌లో వస్తుంది, ఆ తర్వాతవి ఆర్‌డీఎక్స్, ఆర్8, ఆర్9. పైగా ఈ ఫంక్షన్ పేరు చివర ‘డబ్ల్యూ’ ఉందంటే ఫైలు పేరు ఒక్కో అక్షరానికి 16 బిట్లతో ఉంటుంది. మెమరీలో ఉన్న మాటని చూపే మామూలు ‘ఎక్స్/ఎస్’ కొడితే మొదటి అక్షరం ఒక్కటే కనిపించి ఆగిపోతుంది. ‘ఎక్స్/హెచ్‌ఎస్’ అని కొట్టి ఆర్‌సీఎక్స్ ఇవ్వండి, పేరు మొత్తం వస్తుంది.

విండోస్ ఫంక్షన్ ఏదైనా విఫలమైతే ఎర్రర్ నంబరు ఎక్కడ దొరుకుతుందన్నది చాలామందికి చిక్కు. ప్రతి థ్రెడ్‌కీ విండోస్ ఒక ఇన్ఫర్మేషన్ బ్లాక్ ఉంచుతుంది, చివరి ఎర్రర్ నంబరు అందులోనే ఉంటుంది. ‘ఇన్ఫో డబ్ల్యూ32 థ్రెడ్-ఇన్ఫర్మేషన్-బ్లాక్’ కొడితే జీడీబీ ఆ బ్లాకుని విప్పి చూపిస్తుంది. కోడ్‌లో కొత్తగా ప్రింట్ లైన్లు పెట్టి మళ్లీ కంపైల్ చేయనక్కర్లేదు. ఇది లైనక్స్‌లో దొరకదు, విండోస్ మీకు అదనంగా ఇస్తున్నది.

ఇంకో మూడు చిన్నవి. మీ ప్రోగ్రామ్ కీబోర్డ్ నుంచి ఇన్‌పుట్ తీసుకునేదైతే, జీడీబీ ప్రాంప్ట్‌తో కలిసిపోయి గందరగోళం అవుతుంది. నడిపేముందు ‘సెట్ న్యూ-కన్సోల్ ఆన్’ పెడితే దానికి వేరే విండో వస్తుంది. కంట్రోల్-సీ కొట్టినా ప్రోగ్రామ్ ఆగకపోతే కంట్రోల్-బ్రేక్ కొట్టండి. కొన్ని ప్రోగ్రామ్‌లు కంట్రోల్-సీ ప్రత్యేక అర్థాన్ని తీసేస్తాయి, అందుకే జీడీబీ విండోస్ మీద ఈ రెండో దారి కూడా ఉంచింది. మీ లైబ్రరీల్లో ఏదైనా విజువల్ స్టూడియోతో కంపైల్ అయినదైతే దాని లోపలి లైన్లు జీడీబీలో కనిపించవు. ఆ డీబగ్ సమాచారం పీడీబీ ఫైల్లో ఉంటుంది, జీడీబీకి చదవడం వచ్చింది డ్వార్ఫ్ పద్ధతి. అలాంటిచోట జీడీబీతో కుస్తీ పట్టకుండా మైక్రోసాఫ్ట్ డీబగ్గర్ విన్‌డీబీజీ తీసుకోండి.

మీ లైనక్స్ నోట్స్ చించేయకండి, రేపు సర్వర్ పని వస్తే అవే కావాలి. కాకపోతే వాటిలో కూడా ఒకటి రెండు దిద్దుకోండి. ‘క్యాచ్ సిస్‌కాల్ ఓపెన్’ పెడితే ఈ రోజుల్లో చాలాసార్లు ఆగనే ఆగదు. లైనక్స్‌లో సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ ఇప్పుడు ‘ఓపెన్ఎట్’ కాల్ వాడుతోంది, 64-బిట్ ఆర్మ్ లైనక్స్‌లో అయితే ‘ఓపెన్’ అనే సిస్టమ్ కాల్ అసలు లేదు. సిస్టమ్ కాల్‌ని నంబరుతో ఎప్పుడూ గుర్తుపెట్టుకోకండి. ‘రైట్’ నంబరు 64-బిట్ ఇంటెల్ మీద 1, 32-బిట్ ఇంటెల్ మీద 4, 64-బిట్ ఆర్మ్ మీద 64. పేరుతో ఇస్తే సరైన నంబరు జీడీబీయే చూసుకుంటుంది. నడుస్తున్న ప్రాసెస్‌కి అటాచ్ అవ్వబోతే ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ వస్తే అది జీడీబీ తప్పు కాదు. ఉబుంటు 10.10 నుంచి, మనం మొదలుపెట్టని ప్రాసెస్‌ని మామూలు యూజర్‌గా తాకనివ్వడం లేదు. యామా అనే కెర్నల్ భాగంలో ‘పీట్రేస్_స్కోప్’ అనే సెట్టింగ్ 1గా ఉండటమే కారణం. జీడీబీని సుడోతో నడపండి. ఆ సెట్టింగ్‌ని 0 చేసి అలాగే వదిలేయమని చెప్పేవాళ్లు ఉంటారు. సర్వర్ మీద మాత్రం అలా చేయకండి, ఒక ప్రోగ్రామ్ చెడితే అదే యూజర్ నడిపే మిగతావాటి మెమరీ కూడా దాని చేతికి వెళ్తుంది.

ఇక బోర్డు. ఏడో బ్రేక్‌పాయింట్ దగ్గర మీ ప్రోగ్రామ్ ఎందుకు కదలలేదో చూడండి. పీసీ మీద బ్రేక్‌పాయింట్ అంటే, జీడీబీ మెమరీలో ఆ చోట ఉన్న ఇన్‌స్ట్రక్షన్ తీసేసి ఒక ట్రాప్ ఇన్‌స్ట్రక్షన్ రాస్తుంది. ర్యామ్ కాబట్టి ఎన్నైనా రాయవచ్చు, వంద పెట్టినా ఏమనదు. మీ బోర్డులో కోడ్ ఉండేది ఫ్లాష్‌లో. ఫ్లాష్‌లో అలా ఒక్కో చోట తీసి రాయడం కుదరదు. అందుకని చిప్‌లోనే ఉన్న కంపారేటర్లను అడగాలి, ఒక్కొక్కటి ఒక్కో అడ్రస్‌ని కాపలా కాస్తుంది. మీది కార్టెక్స్-ఎం3 కోర్ ఉన్న ఎస్‌టీఎం32ఎఫ్103 లాంటిదైతే అవి ఆరు. మీకు ఆగిపోయింది ఏడోదాని దగ్గర కాబట్టి మీ చిప్‌లోనూ ఆరే అయివుంటాయి. ఆరుగురు కాపలావాళ్లు ఉన్నచోట ఏడో గేటు పెడితే ఎవరిని నిలబెడతారు?

ఇక్కడ కొత్తవాళ్లు తికమకపడేది ఒకటుంది. ఏడోది పెట్టినప్పుడు జీడీబీ ఏమీ అనదు. ‘కంటిన్యూ’ కొట్టినప్పుడు ఎర్రర్ ఇస్తుంది, ఎందుకంటే బ్రేక్‌పాయింట్లను చిప్‌లోకి నిజంగా ఎక్కించేది అప్పుడే. ఇంకా సూక్ష్మం ఏమిటంటే, ఆరూ మీరే వాడేస్తే ‘నెక్స్ట్’, ‘ఫినిష్’ కూడా మొరాయించవచ్చు. ఫంక్షన్ నుంచి తిరిగి వచ్చే చోట ఆగడానికి జీడీబీ తనకోసం ఒక తాత్కాలిక బ్రేక్‌పాయింట్ పెట్టుకుంటుంది, దానికీ ఒక కంపారేటర్ కావాలి. కాబట్టి నాలుగైదు మించి పెట్టకండి. అక్కర్లేనివి ‘డిజేబుల్’ చేయండి, అలా చేసినా కంపారేటర్ ఖాళీ అవుతుంది, మళ్లీ అడ్రస్ వెతుక్కోనక్కర్లేదు.

వేరియబుల్ మారగానే ఆపే వాచ్‌పాయింట్లకూ ఇదే లెక్క. కార్టెక్స్-ఎం3లో సాధారణంగా నాలుగు. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌లోనూ నాలుగే, ఒక్కొక్కటి గరిష్ఠంగా 8 బైట్లు. అంతకుమించి పెద్ద స్ట్రక్చర్ మొత్తాన్ని ‘వాచ్’ చేయమంటే జీడీబీ కాదనకుండా ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ నడిపి చూసే పద్ధతికి మారుతుంది. అది వందల రెట్లు నెమ్మది, ప్రోగ్రామ్ హ్యాంగ్ అయిందనుకుంటారు. పెట్టగానే వచ్చే జవాబులో ‘హార్డ్‌వేర్ వాచ్‌పాయింట్’ అని ఉందో, ఉత్తి ‘వాచ్‌పాయింట్’ అని ఉందో చూడండి. ఆ ఒక్క మాట చూసే అలవాటు మీకు గంటలు మిగులుస్తుంది.

బోర్డు మీద వాచ్‌పాయింట్ పెట్టినా వేరియబుల్ మారిపోతూ జీడీబీ మాత్రం ఆగకపోతే డీఎంఏని అనుమానించండి. ఆ కంపారేటర్లు ప్రాసెసర్ కోర్ చేసే రాతలనే చూస్తాయి. డీఎంఏ ప్రాసెసర్‌ని దాటి నేరుగా మెమరీలో రాస్తుంది, అది వాటి కంట్లో పడదు. బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగి మీరు ఆలోచిస్తుండగా బోర్డు రీసెట్ అయిపోతుంటే అది వాచ్‌డాగ్, అంటే ప్రోగ్రామ్ నుంచి కబురు రాకపోతే చిప్‌ని రీసెట్ చేసే టైమర్. కోర్ ఆగినా వాచ్‌డాగ్ టైమర్ ఆగదు. కోర్ ఆగినప్పుడు దాన్నీ ఆపమని చెప్పే బిట్ ఎస్‌టీఎం32లో ‘డీబీజీఎంసీయూ’ రిజిస్టర్‌లో ఉంది, మీ చిప్ రిఫరెన్స్ మ్యాన్యువల్‌లో ఆ పేరుతో వెతకండి.

బోర్డుకి కనెక్ట్ అవ్వడానికి మీరు ‘టార్గెట్ ఎక్స్‌టెండెడ్-రిమోట్’ అని, తర్వాత 3333 పోర్టు ఇస్తుంటారు. ఆ తర్వాత ‘మానిటర్ రీసెట్ హాల్ట్’ అంటారు. ఈ ‘మానిటర్’ తర్వాత వచ్చే మాటలు జీడీబీవి కావు. జీడీబీ వాటిని చదవకుండా ఉన్నవి ఉన్నట్టు అవతలివైపు పంపిస్తుంది, అర్థం చేసుకునేది ఓపెన్‌ఓసీడీ. అందుకే వాటికోసం జీడీబీ మ్యాన్యువల్‌లో ఎంత వెతికినా దొరకవు. రేపు వేరే ప్రోబ్, వేరే సర్వర్ వాడితే ఆ మాటలూ మారతాయి.

మీ టీమ్‌లో ఎవరిదగ్గరైనా మ్యాక్ ఉంటే దాని మీద జీడీబీ కోసం కష్టపడకండి. ఆపిల్ 2013లో ఎక్స్‌కోడ్ 5తోనే జీడీబీని వదిలేసింది. దాన్ని తెచ్చి పెట్టినా కోడ్ సైనింగ్ చేసి అనుమతి ఇస్తేగాని మరో ప్రాసెస్‌ని తాకనివ్వదు. అక్కడి డీబగ్గర్ ఎల్‌ఎల్‌డీబీ వాడండి. ‘బీటీ’, ‘నెక్స్ట్’, ‘ప్రింట్’ అక్కడా పనిచేస్తాయి. ‘ఇన్ఫో షేర్డ్‌లైబ్రరీ’ బదులు ‘ఇమేజ్ లిస్ట్’.

మ్యాన్యువల్ వందల పేజీలన్నారు. మొత్తం చదవాల్సిన పని లేదు. రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో మొదలుపెట్టినప్పటినుంచి, జీడీబీ ఎన్ని రకాల మెషిన్ల మీదికి వెళ్లిందో అన్నిటి గుర్తులూ అందులో ఉన్నాయి. ‘కాన్ఫిగరేషన్-స్పెసిఫిక్ ఇన్ఫర్మేషన్’ అనే అధ్యాయం తెరవండి. మీకు సంబంధించినవి అందులో రెండే ముక్కలు: సిగ్విన్, విండోస్ గురించి ఉన్నది ఒకటి, ఆర్మ్ ఆర్కిటెక్చర్ గురించి ఉన్నది ఇంకొకటి. రెండూ కలిపి ఒక సాయంత్రంలో అయిపోతాయి. లైనక్స్ కోసం ప్రాసెస్ ఇన్ఫర్మేషన్ అనే భాగం చదవండి, మీ పాత నోట్స్‌లో ఏది ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది. కొత్త మెషిన్ ముందు కూర్చున్నప్పుడు ‘షో ఆర్కిటెక్చర్’, ‘షో ఓఎస్ఏబీఐ’ అని రెండు కమాండ్లు కొట్టండి. జీడీబీ తాను ఏ ప్రాసెసర్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అనుకుంటోందో చెప్తుంది. అది తప్పు అనుకుంటే మిగతావన్నీ తప్పుగానే చూపిస్తుంది.

మీ నోట్స్‌ని కూడా ఇలాగే మార్చుకోమని నా సలహా. ప్రతి కమాండ్ పక్కన అది ఎవరిని అడుగుతుందో ఒక్క మాట రాయండి: లైనక్స్ కెర్నల్, విండోస్, చిప్, ఓపెన్‌ఓసీడీ. ఏమీ రాయనక్కర్లేనివి మీరు ఎక్కడికైనా తీసుకెళ్లేవి. రాయాలని కూర్చుంటే ఎక్కువ భాగం రాయనక్కర్లేనివే ఉంటాయి. మీ సీనియర్‌కి ఆ పేజీ చూపించండి.

రేపు ఆఫీసుకి వెళ్లగానే మాత్రం ముందు ఆ ‘వార్నింగ్: హీప్’ లైను కోసం వెతకండి. ఉంటే అందులో ఉన్న బ్లాకు అడ్రస్, ఆ వెంటనే కొట్టిన ‘బీటీ’ రెండూ కాపీ చేసి పెట్టుకోండి. లేకపోతే మామూలు హీప్‌తో నడిపి, కూలిన చోట ‘బీటీ’ తీయండి. ఏది దొరికినా నాకు రాయండి, కలిసి చూద్దాం.